చిటికెన వేలు మెల్‌బోర్న్‌లో ఎవరికీ అర్థం కాలేదు: ఒక బాబు, రెండు దేశాల టీచర్లు

ఈ కేసు నాలుగేళ్లు దాటిన ఒక బాబుది. హనుమకొండలోని మా ప్రీస్కూల్లో నర్సరీ పూర్తిచేసి ఎల్‌కేజీ మధ్యలో ఉండగా, 2024 జనవరిలో వాళ్ల కుటుంబం ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ వెళ్లిపోయింది. నాన్నకు అక్కడ ఉద్యోగం వచ్చింది. అక్కడి కిండర్‌లో, అంటే బడికి ముందు చదివే ప్రీస్కూల్లో, చేరిన నెలకు టీచర్ తల్లిదండ్రుల్ని కూర్చోబెట్టి నాలుగు విషయాలు చెప్పింది. బాబు మాట్లాడడం లేదు. పేరు పెట్టి పిలిస్తే పలకడం లేదు. తెచ్చుకున్న డబ్బా అలాగే వెనక్కి వెళ్తోంది. బట్టలు తడుపుకుంటున్నాడు. ముందు వినికిడి పరీక్ష చేయించమని, ఆ తర్వాత అవసరమైతే స్పీచ్ థెరపిస్ట్‌కు చూపిద్దామని ఆమె సలహా.

మా దగ్గర ఇదే బాబు గేటు దాటిన దగ్గర్నుంచి ఇంటికి వెళ్లేదాకా నోరు మూసేవాడు కాదు. పక్కవాడి టిఫిన్‌లో ఏముందో క్లాసంతటికీ చాటింపు వేసేవాడు. ఆయమ్మ లేకపోతే ఆయమ్మ పని కూడా తానే చేసేవాడు.

పేరు రాయను, బుజ్జి అంటాను. ఇంట్లో పిలిచే పేరు కూడా ఇది కాదు. తల్లిదండ్రుల అనుమతి తీసుకుని, అక్కడి టీచర్‌కు ఇంగ్లీషులో చదివి వినిపించి, ఆమె సరేనన్నాకే ఇది రాస్తున్నాను. రెండు స్కూళ్ల పేర్లూ ఇవ్వడం లేదు.

బయటి దేశాల ప్రీస్కూల్ టీచర్లతో పరిచయాలంటే మన దగ్గర చాలామందికి గుర్తొచ్చేది వెబినార్, చివర్లో వచ్చే సర్టిఫికెట్. సంస్థలు లేక కాదు. చిన్నపిల్లల విద్య కోసం ఓమెప్ అనే ప్రపంచ సంస్థ 1948 నుంచీ ఉంది. ఆసియా పసిఫిక్ దేశాలకు అలాంటిదే ఆర్నెక్ అనే నెట్‌వర్క్ ఉంది. అంతకు ముందే, 1939లో ఇటలీ విద్యావేత్త మరియా మాంటిసోరి మద్రాసు వచ్చి అడయార్‌లో టీచర్లకు శిక్షణ ఇచ్చింది. యుద్ధం వల్ల 1946 దాకా ఈ దేశంలోనే ఉండిపోయింది. ఆ రోజుల్లో ఆమె కొడైకెనాల్‌లో పిల్లల్ని చూసి తన ఆలోచనలు తిరగరాసుకుంది కూడా. కానీ మన టీచర్ల వరకు వచ్చేసరికి వ్యవహారం ఒకవైపే నడిచింది, వాళ్లు చెప్తారు, మనం రాసుకుంటాం. నేనూ అలాంటి ఆన్‌లైన్ సెషన్లు చాలానే విన్నాను. బాగుంటాయి. సోమవారం పొద్దున గదిలోకి వెళ్తే వాటిలో పనికొచ్చేది మాత్రం వెతుక్కోవాలి.

బుజ్జి విషయంలో అలా జరగలేదు. కారణం ఒక్కటే. ఇద్దరి మధ్యా ఒకే పిల్లవాడు ఉన్నాడు. వాడి గురించి సగం ఆమెకు తెలుసు, సగం మాకు తెలుసు. పద్ధతుల గురించి మాట్లాడుకునే తీరిక లేదు, వాడు అన్నం తినాలి.

రెండు గదులు

మా గదిలో ఇరవై ఎనిమిది మంది పిల్లలు, ఒక టీచర్, ఒక ఆయమ్మ. వారానికి ఆరు రోజులు. ప్రార్థన అయ్యాక అందరూ వరుసగా బాత్రూంకు వెళ్తారు, స్నాక్స్‌కు ముందు మళ్లీ వెళ్తారు. మధ్యలో అవసరమైతే చిటికెన వేలు చూపిస్తారు, రెంటికైతే రెండు వేళ్లు. బొమ్మలు బీరువాలో ఉంటాయి, టీచర్ తీసి ఇస్తుంది. అడక్కుండా ముట్టుకోకూడదు. అన్నం వేళకు అందరూ చాప మీద వరుసగా కూర్చుంటారు, ఆయమ్మ డబ్బాలు తీసి ముందు పెడుతుంది, కలపడం రానివాళ్లకు కలిపి ఇస్తుంది.

మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రంలో ఆ వయసు పిల్లలకు పదకొండు మందికి ఒక పెద్దమనిషి ఉండాలని నియమం. బుజ్జి గదిలో ఇరవై రెండు మందికి ఇద్దరున్నారు. బడి ఏడాది జనవరి చివర్లో మొదలవుతుంది. వారానికి 15 గంటలు, బుజ్జికి మూడు రోజులు, రోజుకు ఐదు గంటల చొప్పున. పెరట్లోకి తలుపు ఎప్పుడూ తీసే ఉంటుంది. ఎవరికి ఎక్కడ ఆడుకోవాలనిపిస్తే అక్కడికి పోతారు. దాహం వేస్తే నీళ్ల సీసా తామే తీసుకుంటారు, బాత్రూంకు తామే వెళ్తారు. డబ్బా మూత తామే తీస్తారు. టీచర్‌ను పేరు పెట్టి పిలుస్తారు.

ఈ చివరిది బుజ్జి వాళ్ల అమ్మకు మింగుడు పడలేదు. "టీచర్‌ను పేరు పెట్టి పిలుసుడేంది మేడమ్" అంది నాతో. తల్లి అలా అంటుంటే బుజ్జికి ఎలా పిలవాలో తెలియక ఏ పిలుపూ లేకుండా ఊరుకున్నాడు. పిలుపే లేనప్పుడు మాట ఎక్కడ మొదలవుతుంది? టీచర్ అనే పిలిస్తే చాలని తర్వాత కిండర్ వాళ్లే అన్నారు.

ఇంకొకటి, అక్కడ ఉన్నవాళ్లకు తట్టనిది నాకు తట్టింది. నెల గడిచింది అంటున్నారు గానీ, వారానికి మూడు రోజులంటే వాడు ఆ గదిలో ఉన్నది మన లెక్కలో రెండు వారాలే. పైగా ప్రతి వారం నాలుగు రోజుల విరామం. మా దగ్గర కొత్తగా చేరిన పిల్లలు దసరా సెలవులు అయ్యాక మళ్లీ మొదట్నుంచి ఏడుస్తారు. వాడికి వారం వారం దసరా సెలవులే.

పరిచయం ఎలా మొదలైంది

తల్లి నాకు ఫోన్ చేసింది ఫిబ్రవరి చివర్లో. "మేడమ్, మా వానికి చెవులు వినపడ్తలేవేమో అంటున్నరు" అని ఏడ్చింది. అక్కడి టీచర్‌తో నేను మాట్లాడతానంటే తల్లి వెంటనే ఒప్పుకుంది గానీ తండ్రి వెనకాడాడు. పిల్లవాడి మీద ఏదో సమస్య ఉన్నట్టు రికార్డులోకి ఎక్కుతుందేమోనని ఆయన భయం. ఆ భయాన్ని తక్కువ చేసి చూడకూడదు. కొత్త దేశం, కొత్త వీసా, ఎవరు ఏ కాగితం మీద ఏం రాస్తారో తెలియదు. అక్కడి టీచరే ఆయనతో మాట్లాడి, ఏం రాసినా ముందు మీకు చూపిస్తామని చెప్పాక ఒప్పుకున్నాడు.

నేను వాట్సాప్ నంబర్ ఇచ్చాను. ఆమె కుదరదంది. తల్లిదండ్రుల సంతకంతో అనుమతి పత్రం కావాలి, కిండర్ ఈమెయిల్ నుంచే రాయాలి, ఫోటోలు పంపకూడదు. మొదట చిరాకేసింది. మన స్కూళ్లలో పిల్లల ఫోటోలు పొద్దున లేస్తే పేరెంట్స్ గ్రూపుల్లో, ఇన్‌స్టాగ్రామ్‌లో తిరుగుతూనే ఉంటాయి. కానీ మన దేశంలోనూ 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టం పిల్లల సమాచారం వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలనే చెబుతోంది. ఈ కాగితాల వల్ల కలిగిన అసలు లాభం వేరే. తల్లి మధ్యవర్తిగా ఉండాల్సిన పని తప్పింది. అప్పటిదాకా టీచర్ చెప్పినది తల్లి విని, సగం అర్థమై, సగం సిగ్గుపడి, మిగిలింది నాకు చెప్పేది. పిల్లవాడు బట్టలు తడుపుకున్న సంగతి మూడో ఫోన్‌లో గానీ నాకు తెలియలేదు. ఇలాంటి వ్యవహారాల్లో తల్లిని అనువాదానికి వాడుకోకూడదని నా గట్టి అభిప్రాయం. బిడ్డ గురించి చెడ్డమాట తన నోటితోనే తాను చేరవేయాల్సిన పరిస్థితి ఏ తల్లికీ రాకూడదు.

టైమ్ కుదరడం కూడా ఒక పెద్ద పనే. అక్కడి వేసవి సమయంలో మెల్‌బోర్న్ మనకంటే ఐదున్నర గంటలు ముందుంటుంది. అక్కడ పిల్లలు ఇళ్లకు వెళ్లేసరికి ఇక్కడ క్లాసులు జోరుగా నడుస్తుంటాయి. శనివారం మాట్లాడదామంటే ఆమెకు సెలవు, సెలవు రోజు పని చేయనంది. నిజమే, ఎందుకు చేయాలి? చివరికి మా పిల్లలు రాకముందు, ఇక్కడ ఉదయం ఎనిమిది గంటలకు కుదిరింది. ఏప్రిల్ మొదటి ఆదివారం వాళ్లు గడియారం గంట వెనక్కి తిప్పుకున్నారు, ఆ సంగతి తెలియక ఆ వారం మాత్రం నేను ఒక్కదాన్నే తెర ముందు కూర్చున్నాను.

మొదటి ఉత్తరాల్లో పని కాలేదు

మొదటి రెండు ఈమెయిళ్ల వల్ల ఎవరికీ ఉపయోగం లేకపోయింది. ఆమె బుజ్జి భాషాభివృద్ధి గురించి, సామాజిక నైపుణ్యాల గురించి అడిగింది. మా దగ్గర ఉన్నది ప్రోగ్రెస్ కార్డు. రైమ్స్ ఏ ప్లస్, రంగులు ఏ, ఇంగ్లీష్ ఏ ప్లస్. స్కాన్ చేసి పంపాను. దాన్ని చూసి ఆమె మరింత అయోమయంలో పడింది. ఇంగ్లీషులో ఏ ప్లస్ వచ్చిన పిల్లవాడు ఒక్క ఇంగ్లీష్ మాట కూడా ఎందుకు మాట్లాడడు? తండ్రి వాదనా అదే, "వాడికి ఇంగ్లీష్ వచ్చు."

వాడికి వచ్చిన ఇంగ్లీష్ ఏమిటంటే, రైమ్స్ గడగడా చెప్తాడు, ఏ నుంచి జెడ్ దాకా బొమ్మలు చూపించి పేర్లు చెప్తాడు. దాహమేస్తోందని ఇంగ్లీషులో చెప్పాల్సిన అవసరం వాడికి ఎప్పుడూ రాలేదు. 2020 జాతీయ విద్యా విధానం చిన్న తరగతుల్లో వీలైనంతవరకు ఇంటిభాషలో నేర్పమంటుంది. మా ఊళ్లో ప్రైవేటు ప్రీస్కూల్ నడపాలంటే బోర్డు మీద ఇంగ్లీష్ మీడియం అని ఉండాలి. పిల్లలు మాత్రం గదిలో పొద్దంతా తెలుగే మాట్లాడతారు, అదే మంచిది కూడా.

అప్పుడు ఆమెను ఒకటే అడిగాను. అభిప్రాయాలు వద్దు, ఏదైనా ఒక రోజు అరగంట సేపు బుజ్జి ఏం చేశాడో, చూసింది చూసినట్టు రాసి పంపమన్నాను. అక్కడి టీచర్లకు ఇది వాళ్ల పనిలో భాగమే. ఆస్ట్రేలియాలో 2009 నుంచీ ఉన్న జాతీయ ప్రీస్కూల్ చట్రం ప్రకారం పిల్లల్ని గమనించి రాయడం, ఆ రాతల మీద ఆధారపడి రేపటి పని వేసుకోవడం వాళ్లకు రోజువారీ సంగతి. రెండు రోజుల్లో ఒక పేజీ వచ్చింది.

దాంట్లో ఉన్నది ఇది. బుజ్జి ఇసుక గుంట అంచున నిలబడి చూస్తున్నాడు. ఒక అమ్మాయి పార ఇచ్చింది, తీసుకోలేదు. కాసేపటికి టీచర్ దగ్గరికి వచ్చి చిటికెన వేలు చూపించాడు. టీచర్ నవ్వి తన చిటికెన వేలూ చూపించింది. వాడు నవ్వలేదు. ఇంకోసారి చూపించాడు. ఆమె ఆ వేలితో వాడి వేలు కలిపింది. వాడు చెట్టు వెనక్కి వెళ్లి నిలబడ్డాడు. పండ్లు తినే వేళకు వచ్చినప్పుడు ప్యాంటు తడిసి ఉంది.

ఆ పేజీని తెలుగు చేసి మా టీచర్‌కు, ఆయమ్మకు చదివి వినిపించాను. చిటికెన వేలు దగ్గరికి వచ్చేసరికే ఆయమ్మ నెత్తి కొట్టుకుంది. "అయ్యో, పోరడు ఒకటికి వస్తుందని అడుగుతున్నడు గదా! ఆమె ఆటాడుతుంది!"

నవ్వాం. తర్వాత చాలాసేపు మాట్లాడలేకపోయాం. వాడు రోజుకు ఎన్నిసార్లు మర్యాదగా అడిగి ఉంటాడు, ఎన్నిసార్లు ఎదుటివాళ్లు నవ్వి ఊరుకుని ఉంటారు.

ఆ వేలి తర్వాత

ఈ ఒక్క సంగతితో తాళం తెరుచుకుంది. ఇక మీదట ప్రతి ఈమెయిల్‌లో ఆమె చూసింది రాసేది, మేం మాకు కనిపించింది రాసేవాళ్లం.

పేరు సంగతి చాలా తేలిగ్గా తేలింది. మన పేర్లలో ఇంటిపేరు ముందుంటుంది. పాస్‌పోర్టు, వీసా, అడ్మిషన్ ఫారం ఒకదాన్ని చూసి ఒకటి నింపుకుంటూ పోయేసరికి కిండర్ హాజరు పట్టీలో బుజ్జి మొదటి పేరుగా వాళ్ల ఇంటిపేరు పడింది. నెల రోజులుగా వాళ్లు వాణ్ని ఇంటిపేరుతో పిలుస్తున్నారు. నాలుగేళ్ల పిల్లవాడికి అది తన పేరని ఎలా తెలుస్తుంది? ఎవరో తాతను పిలుస్తున్నారనుకున్నాడేమో. తల్లిదండ్రులకు కాగితాల మీద అలా చూడడం అలవాటై అనుమానం రాలేదు. ముద్దుపేరు రాసి పంపాం, పలికే తీరు మా టీచర్ రికార్డు చేసి పంపింది. మరుసటి రోజే పలికాడు.

వినికిడి పరీక్ష అయినా చేయించారు, అంతా మామూలుగానే ఉందని తేలింది. కొందరు బంధువులు "చూశారా, అనవసరంగా భయపెట్టారు" అన్నారు. నేను ఒప్పుకోను. పిలిస్తే పలకని పిల్లవాడికి చెవి పరీక్ష ముందు జరగాలి, మన వివరణలు తర్వాత. ఇంటిపేరు కథ నమ్మేసి పరీక్ష మానుకుంటే, ఇంకో పిల్లవాడి విషయంలో అది ఖరీదైన పొరపాటు అవుతుంది. మన దగ్గర మాటలు ఆలస్యమైతే "వాళ్ల నాన్నకూ ఆలస్యంగానే వచ్చాయి" అని రెండేళ్లు దాటేస్తారు, ఆ అలవాటు మంచిది కాదు.

తల ఊపడం గురించి ఆమె తనంతట తానే అడిగింది. ఇంకొంచెం కావాలా అని అడిగితే వాడు తలను అటూ ఇటూ వంచుతాడు. ఆమె దాన్ని వద్దు అనుకుని తీసేసేది. అది సరేననడం అని చెప్పాను. నేను కూడా కెమెరా ముందు మాట్లాడుతూ అలాగే ఊపుతున్నానని ఆమె అప్పుడే గమనించిందట.

అన్నం దగ్గర మాత్రం చాలా పట్టింది. అక్కడి పిల్లల్లో కలిసిపోవాలని తల్లి శాండ్‌విచ్ పెట్టేది. వాడికి ఎండిన రొట్టె నోట్లోకి పోదు. అంతకుముందు ఒకసారి పులిహోర పెడితే అందులో పల్లీలున్నాయి. ఎలర్జీ ఉన్న పిల్లలున్నారు కాబట్టి పల్లీలు తేవద్దని కిండర్ వాళ్లు చెప్పారు. పల్లీలు వద్దన్న మాటను ఆ తల్లి మన తిండే వద్దన్నట్టు అర్థం చేసుకుంది. ఇది తేల్చడానికే రెండు ఈమెయిళ్లు పట్టాయి. అన్నం తేవచ్చు, పప్పు తేవచ్చు, చేత్తో తినొచ్చు, పల్లీలు, జీడిపప్పు లేకుండా ఉంటే చాలని టీచర్ రాసింది. నేను దాన్ని తెలుగులో తల్లికి చదివి వినిపించాను.

మా ఆయమ్మను అడిగితే ఇంకో సంగతి చెప్పింది. "గాడు పక్కన ఎవరన్న కూసుంటెనే తింటడు. అన్నం కలిపి ముద్దలు జేసి పెట్టాలె. ఒక్కనికి పెట్టి పోతే గట్లనే సూస్తుంటడు." ఇది ఏ రికార్డులోనూ లేదు. ఆయమ్మను ఎవరూ అడగరు కాబట్టి ఉండదు. మన ప్రీస్కూళ్లలో పిల్లల ఒళ్లు, ఆకలి, నిద్ర, భయం గురించి అందరికంటే ఎక్కువ తెలిసిన మనిషికి మీటింగుల్లో కుర్చీ వేయం. ఈ కేసులో పనికొచ్చిన సమాచారంలో ఎక్కువ భాగం ఆమె ఇచ్చిందే.

తల్లి పప్పన్నం చిన్న ముద్దలు చేసి పెట్టింది. టీచర్ వాడి పక్కన కూర్చుని తన డబ్బా తాను తిన్నది. మొదటి రోజు రెండు ముద్దలు. ఆ తర్వాత నెమ్మదిగా పెరిగింది.

ఇసుక గుంట అంచున నిలబడడాన్ని ఆమె మొదట ఆసక్తి లేకపోవడం అనుకుంది. మాకు అది వేరేలా కనిపించింది. వాడు అనుమతి కోసం చూస్తున్నాడు. బీరువాలోంచి ఎవరో తీసి ఇచ్చేదాకా ముట్టుకోకూడదని మేం నేర్పాం. అక్కడ ఎవరూ ఇవ్వరు, ఎవరూ ఆపరు. ఆమె చేసిన పని చిన్నది. ఉదయం వాడు రాగానే చేతికి ఒక పార ఇచ్చి, "ఇది నీది" అని సైగ చేసి వదిలేసింది. వారం పది రోజులకు వాడే తీసుకోవడం మొదలుపెట్టాడు.

మాట గురించి

మాట ఆలస్యం అవుతుందని ఇద్దరికీ తెలుసు. రెండో భాష వాతావరణంలో పడ్డ పిల్లలు నాలుగు దశల్లో నడుస్తారని ప్యాటన్ టేబర్స్ అనే పరిశోధకురాలు వివరించింది. ముందు ఇంటిభాషలోనే మాట్లాడి చూస్తారు, ఎవరికీ అర్థం కావడం లేదని తెలిశాక మౌనంగా ఉండిపోతారు, తర్వాత కంఠస్థం పట్టిన ముక్కలు వస్తాయి, చివర్లో సొంత వాక్యాలు. మౌనంగా ఉన్న కాలంలో వాళ్లు ఊరుకున్నట్టే ఉంటారు గానీ వింటూనే ఉంటారు. బుజ్జి రెండో దశలో ఉన్నాడని మా ఇద్దరి అంచనా. అయితే అంచనా అనేది అంచనానే. అందుకని ముందే ఒక గీత గీసుకున్నాం. ఇంట్లో తెలుగు మాట్లాడడం కూడా తగ్గిపోతే, లేదా రెండో టర్మ్ చివరికి, అంటే జూన్ ఆఖరుకి, పిల్లలతో ఆటలో కలవకపోతే స్పీచ్ థెరపిస్ట్ దగ్గరికి వెళ్లాలి. ఆ గీతను తల్లిదండ్రులకు చెప్పాం, తారీఖుతో సహా కాగితం మీద పెట్టాం.

నిజంగానే ఇంట్లో మాట తగ్గింది. ఎందుకో కనుక్కుంటే తెలిసింది, వాడికి ఇంగ్లీష్ రావాలని ఎవరో స్నేహితులు చెబితే ఇంట్లో అమ్మానాన్నలు కూడా ఇంగ్లీషే మాట్లాడుతున్నారు. అమ్మకు వచ్చే ఇంగ్లీష్‌తో "కమ్, ఈట్, స్లీప్" దాటదు. కథలు పోయాయి, కబుర్లు పోయాయి, తిట్లు కూడా పోయాయి. ఇల్లంతా నిశ్శబ్దం.

ఇక్కడ నేను ఊహించనిది జరిగింది. తెలుగు మానేయవద్దని నాకంటే గట్టిగా చెప్పింది ఆ మెల్‌బోర్న్ టీచర్. ఇంటిభాష బలంగా ఉన్న పిల్లవాడికి ఇంగ్లీష్ నేర్పడం తనకు తేలికని, ఇంట్లో తెలుగు మీరు చూసుకోండి, ఇంగ్లీష్ మాకు వదిలేయండని తండ్రితో చెప్పింది. ఇదే మాట నేను హనుమకొండలో ఇరవై ఏళ్లుగా చెబుతున్నా వినే పేరెంట్స్ తక్కువ. ఆస్ట్రేలియా టీచర్ నోటి నుంచి వచ్చేసరికి ఆయన వెంటనే ఒప్పుకున్నాడు. కొంచెం ఒళ్లు మండినా, పని జరిగింది కదా అనుకున్నాను. ఇప్పుడు మా కొత్త పేరెంట్స్ మీటింగ్‌లో ఆ సంగతిని సిగ్గులేకుండా వాడుకుంటున్నాను.

మే నెలలో మొదటి ఇంగ్లీష్ ముక్క వచ్చింది: "మై టర్న్." ఊయల దగ్గర, ఇంకో పిల్లవాణ్ని పక్కకు నెడుతూ. టీచర్ ఆ ఈమెయిల్‌కు పెట్టిన శీర్షికలో మూడు ఆశ్చర్యార్థకాలున్నాయి. తర్వాత "నో, మైన్", "లుక్ టీచర్" వచ్చాయి. రెండో టర్మ్ ముగిసేసరికి ఆటలో కలిసిపోయాడు, స్పీచ్ థెరపిస్ట్ అవసరం రాలేదు. మూడో టర్మ్‌లో పక్కవాడి డబ్బాలో ఏముందో గదికంతా చెప్పడం మొదలుపెట్టాడని తెలిసి మా టీచర్ ఊపిరి పీల్చుకుంది.

ఎవరికి ఏం మిగిలింది

ఆ కిండర్‌లో కొత్త కుటుంబాలు చేరినప్పుడు ఇప్పుడు కొన్ని అదనపు ప్రశ్నలు అడుగుతున్నారు. ఇంట్లో ఏమని పిలుస్తారు? బాత్రూంకు వెళ్లాలంటే ఏం చేస్తాడు, మాటతో చెబుతాడా, సైగా? నీళ్లతో కడుక్కోవడం అలవాటా? ఎవరి పక్కన కూర్చుని తింటాడు? ఏదైనా కావాలంటే అడుగుతాడా, ఇచ్చేదాకా ఆగుతాడా? ఈ ప్రశ్నల్లో రెండు మా ఆయమ్మవి.

మాకు అక్కడి నుంచి వచ్చిన వాటిలో నిలబడింది ఒక్కటే, ఉత్తరం. విక్టోరియాలో కిండర్ నుంచి బడికి వెళ్లే పిల్లల గురించి టీచర్ ఒక పత్రం రాసి కొత్త బడికి పంపుతుంది. అందులో తల్లిదండ్రులు రాసే భాగం ఉంటుంది, పిల్లవాడు బొమ్మ గీసే చోటు కూడా ఉంటుంది. వాడికి ఏం వచ్చు, ఏది ఇష్టం, ఎలా సాయం చేస్తే నేర్చుకుంటాడు అన్నదే అందులో ముఖ్యం. బుజ్జి గురించి అలాంటిదేమైనా రాశారా అని ఆమె అడిగినప్పుడు మా దగ్గర ప్రోగ్రెస్ కార్డు తప్ప లేదు.

మా పిల్లల్లో విదేశం వెళ్లేది ఏటా ఒకరో ఇద్దరో. మిగతా వాళ్లంతా యూకేజీ తర్వాత పెద్ద స్కూళ్లకు పోతారు, దూరం రెండు కిలోమీటర్లే గానీ మార్పు పెద్దది. అందరికీ ఒక పేజీ ఉత్తరం తెలుగులో రాసి ఇస్తున్నాం. టీచర్ చెబుతుంది, ఆయమ్మ చెబుతుంది, నేను రాస్తాను. దీని ఫలితం గురించి గొప్పలు చెప్పుకోలేను. ఒక స్కూల్‌లో ఉత్తరాన్ని టీసీతో పాటు ఫైల్‌లో పెట్టేశారు. ఇంకోచోట ఒకటో తరగతి టీచర్ ఫోన్ చేసి, ఎడమచేతి పిల్లవాడి గురించి ముందే చెప్పినందుకు సంతోషపడింది. తల్లిదండ్రులు మాత్రం ఆ కాగితాన్ని దాచుకుంటున్నారు. మార్కులు లేని కాగితం బిడ్డ గురించి ఇంత చెబుతుందని వాళ్లకు కొత్తగా ఉంది.

తలుపులు తీసి పిల్లల్ని ఇష్టం వచ్చినచోటికి వదలడం మా వల్ల కాదు. ఇరవై ఎనిమిది మందికి ఇద్దరే, రోడ్డు మీదికి గేటు. బీరువా తలుపు ఒకటి మాత్రం తీసి ఉంచుతున్నాం, కింది రెండు అరలు పిల్లలవి. సద్దడానికి ఆయమ్మ రోజూ గొణుగుతుంది.

ఇలాంటి పని మొదలుపెట్టాలనుకునే టీచర్లకు నాకు తోచినది చెబుతాను. పెద్ద సంస్థల సభ్యత్వంతో మొదలుపెట్టనక్కర్లేదు. మీ దగ్గర్నుంచి అమెరికాకో, బ్రిటన్‌కో, దుబాయ్‌కో వెళ్లిన పిల్లలుంటారు. ప్రతి ఒక్కరికీ అక్కడ ఒక టీచర్ ఉంటుంది, ఆమెకు వాడి వెనక కథ తెలియదు. తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి తీసుకోండి, ఒక పేజీ పంపండి. ఇంగ్లీష్ రాదని మీ టీచర్లు వెనకాడితే తెలుగులో చెప్పించి ఎవరి చేతనైనా రాయించండి, కానీ ఆ రాసే మనిషి బిడ్డ తల్లో తండ్రో కాకుండా చూడండి. అటువైపు నుంచి అభిప్రాయం అడగవద్దు, అరగంట వర్ణన అడగండి. సెలవులకు ఇక్కడికి వచ్చి రెండు మూడు నెలలు మన బడిలో కూర్చునే విదేశాల పిల్లల విషయంలో ఇదే పని తిరగేసి చేయొచ్చు, అప్పుడు అడగాల్సింది మనం.

ఒక్క విషయం దగ్గర మా ఇద్దరికీ ఇంకా కుదరలేదు. నాలుగేళ్ల పిల్లవాడికి ముద్దలు చేసి పెట్టడం వాడి పని వాడు నేర్చుకోవడానికి అడ్డమని ఆమె అంటుంది. మూత తీయడం, కలుపుకోవడం, ఒలకబోసుకోవడం అన్నీ చదువేనని ఆమె వాదన. పక్కన కూర్చుని ముద్ద కలిపి పెట్టినప్పుడే పిల్లలు కబుర్లు చెబుతారని, మా దగ్గర మాట పుట్టేది చాప మీదేనని నేనంటాను. ఇద్దరం చెరో అన్నం వేళను వీడియో తీసి, మా టీచర్లకు వాళ్లదీ, వాళ్ల టీచర్లకు మాదీ చూపించి ఏమంటారో విందామనుకున్నాం. జోసఫ్ టోబిన్ అనే పరిశోధకుడు జపాన్, చైనా, అమెరికా ప్రీస్కూళ్లను 1980ల్లో ఇలాగే పోల్చాడు. అక్కడ గదిలో ఒక కుటుంబం కెమెరాకు ఒప్పుకోలేదు, ఆ పిల్లవాడు లేని రోజు తీయవచ్చా అని ఆమె వాళ్ల యాజమాన్యాన్ని అడిగింది. మా వైపు పేరెంట్స్ అందరూ సంతకాలు పెట్టారు. ఆయమ్మ ఒక్కతే ఇంకా సరేననలేదు, కొత్త చీర కొనుక్కున్నాక తీయమంటోంది.